మోడలా, లో-కోడా, ఏఐ ఏజెంటా: మీ టీమ్‌కి ఏది కుదురుతుంది?

సాఫ్ట్‌వేర్ పనికి మోడల్, లో-కోడ్, ఏఐలలో ఏది ఎప్పుడు పనికొస్తుందన్నదే ఇక్కడి ప్రశ్న. ఒక పన్ను మార్పుతో మొదలుపెడతాను. 2025 సెప్టెంబరు 3న జీఎస్టీ కౌన్సిల్ శ్లాబులు మార్చింది. కొత్త రేట్లు 22వ తేదీ నుంచి అమలు. అంటే మధ్యలో ఉన్నది 19 రోజులు. నేను చూసిపెట్టే ఒక చిన్న హోటల్ బుకింగ్ సాఫ్ట్‌వేర్‌లో రోజుకి రూ.7,500 దాకా ఉండే గదులకి 12 శాతం పోయి, ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నవాటి మీద కట్టిన పన్నును తగ్గించుకునే వీలు) లేకుండా 5 శాతం రావాలి. కోడ్‌లో 12 అన్న అంకె కోసం వెతికితే 41 చోట్ల తగిలింది. అందులో పన్ను రేటు ఏది, ఏడాదికి 12 నెలలు ఏది, చెక్-ఔట్ టైమ్ మధ్యాహ్నం 12 ఏది అని ఒక్కొక్కటీ కూర్చుని చూశాం. పన్నువి 14 తేలాయి.

రేటు మార్చడం ఒక పూట పని. అసలు తలనొప్పంతా మధ్యలో ఇరుక్కున్న బుకింగులతో. అడ్వాన్సు 20న కట్టారు, 24న దిగారు, బిల్లు 25న ఇచ్చాం. పన్ను పాతదా, కొత్తదా? సీజీఎస్టీ (కేంద్ర జీఎస్టీ) చట్టం 14వ సెక్షన్ దీనికోసమే ఉంది. సేవ అందిన తేదీ, బిల్లు తేదీ, డబ్బు అందిన తేదీ అనే మూడింటినీ పట్టుకుని ఆరు సందర్భాలు రాసింది. ఆరూ కాగితం మీద పెట్టి చూస్తే ఒక సంగతి బయటపడుతుంది: మూడు తేదీల్లో ఏ రెండు పాత రేటు కాలంలో పడితే పాత రేటు, ఏ రెండు కొత్త కాలంలో పడితే కొత్త రేటు. చట్టం ఈ మాట ఇలా అనదు, లెక్క మాత్రం ఇలాగే తేలుతుంది. పై బుకింగ్‌కి 5 శాతమే.

మేము ఆ ఆరు వరసల పట్టికను ప్రింటు తీసి ఆడిటర్ గారికి ఇచ్చాం. ఆయన కోడ్ చదవలేరు. పట్టిక రెండు నిమిషాలు చూసి, "బ్యాంకులో జమ అయిన తేదీ సంగతి ఏదండీ?" అన్నారు. రేటు మారిన రోజు నుంచి నాలుగు పని దినాలు దాటాక డబ్బు ఖాతాలో పడితే, పడిన తేదీనే లెక్కలోకి తీసుకోవాలని అదే సెక్షన్‌లో ఉంది. మేమది వదిలేశాం. (సరుకులు అమ్మేవాళ్లకి అడ్వాన్సుల మీద 2017 నవంబరు నోటిఫికేషన్ వేరే ఉంది. ఈ పట్టికను అలాగే దించుకోకండి.)

ఆ కాగితమే మోడల్. కోడ్ కంటే ఒక మెట్టు పైన, విషయం తెలిసినవాడు చదవగలిగే రూపంలో రాసుకుని, కోడ్‌ను దాన్నుంచి పుట్టించడమో, దాన్నే నేరుగా నడిపించడమో చేస్తే అది మోడల్ ఆధారిత పద్ధతి. ఈ పేరుతోనో ఇంకో పేరుతోనో ఇప్పుడు దొరికేవి చాలా ఉన్నాయి. అన్నిటికీ సమానంగా చోటు ఇవ్వను. కొన్నిటి గురించి చెప్పాల్సింది ఎక్కువ, కొన్నిటికి నాలుగు వాక్యాలు చాలు.

యూఎంఎల్ బొమ్మల నుంచి మొత్తం కోడ్

1997లో ఓఎంజీ అనే ప్రమాణాల సంస్థ యూఎంఎల్‌ను, అంటే సాఫ్ట్‌వేర్‌ను బొమ్మల్లో గీసే భాషను, ప్రమాణంగా తీసుకుంది. 2001లో ఎండీఏ (మోడల్ ఆధారిత ఆర్కిటెక్చర్) అని ఇంకో అడుగు వేసింది. ఏ ప్లాట్‌ఫామ్‌కీ కట్టుబడని మోడల్ ఒకసారి గీయండి, దాన్నుంచి ఈరోజు జావా, రేపు డాట్‌నెట్ కోడ్ పుట్టించుకోండి అన్నది అప్పటి మాట. వినడానికి బాగానే ఉంది. నేను ఉద్యోగంలో కొత్తగా చేరిన రోజుల్లో మా కంపెనీ అలాంటి టూల్ ఒకటి కొన్నది. సిస్టమ్ భాగాలను చూపే క్లాస్ డయాగ్రామ్ ఏ3 కాగితాల మీద ప్రింటు తీసి, పక్కపక్కన అతికించి గోడ నింపాం. పుట్టిన కోడ్‌లో "మీ కోడ్ ఇక్కడ రాయండి" అని గుర్తులు ఉండేవి, వాటి మధ్యలోనే రాయాలి. మొదటి నెల బుద్ధిగా రాశాం. ఒక రాత్రి ప్రొడక్షన్‌లో (కస్టమర్లు వాడే సిస్టమ్‌లో) ఏదో ఆగిపోతే ఎవరో గుర్తుల బయట నాలుగు లైన్లు దిద్దారు. మళ్లీ జనరేట్ చేస్తే ఆ నాలుగు లైన్లూ ఎగిరిపోతాయి కాబట్టి ఇక ఎవరూ జనరేట్ చేయలేదు. మూడో నెలకి గోడ మీద ఉన్నది ఒక సిస్టమ్, సర్వర్ మీద నడిచేది ఇంకోటి.

తప్పు దిద్దినవాడిది కాదు. మొత్తం కోడ్ పుట్టాలంటే బొమ్మలో అన్ని వివరాలూ ఉండాలి, అన్నీ పెట్టేసరికి బొమ్మ కోడ్ అంత అవుతుంది. పైగా కోడ్‌కి ఉండే సుఖాలు దానికి ఉండవు. నిన్నటికీ ఇవాల్టికీ తేడా చూడాలన్నా, ఇద్దరు చేసిన మార్పులు కలపాలన్నా నరకం.

ఇది అందరి దగ్గరా చతికిలపడిందని కాదు. టీసీఎస్ 1990ల నుంచే మాస్టర్‌క్రాఫ్ట్ అనే సొంత టూల్‌సెట్‌తో పెద్ద పెద్ద బిజినెస్ అప్లికేషన్లకు మోడల్స్ నుంచి కోడ్ పుట్టించింది. దాని వెనక పుణెలో 1981లో పెట్టిన టీఆర్‌డీడీసీ పరిశోధన కేంద్రం ఉంది. (దాన్ని మొదట నడిపిన ఇ.సి. సుబ్బారావు గారు మన తెలుగువారే, అసలు రంగం మెటీరియల్స్ సైన్స్.) కానీ అక్కడ జనరేటర్‌ను (మోడల్ నుంచి కోడ్ పుట్టించే ప్రోగ్రాంను) రాసినవాళ్లు, దాన్ని ఏళ్ల తరబడి బాగుచేసినవాళ్లు ఇంట్లోనే ఉన్నారు. మీ దగ్గర అలాంటి మనుషులు లేకపోతే, యూఎంఎల్‌ను వైట్‌బోర్డు మీద మాట్లాడుకోవడానికి వాడండి. కోడ్ జనరేషన్ కోసం ఇప్పుడు కొత్తగా కొనకండి.

ఒక మంచి మార్పు గురించి చెప్పాలి. సిస్టమ్స్ ఇంజనీర్లు వాడే సిస్‌ఎంఎల్ అనే మోడలింగ్ భాష రెండో వెర్షన్‌ను ఓఎంజీ 2025లో ఖాయం చేసింది. అందులో బొమ్మతో పాటు టెక్స్ట్ రూపం కూడా ప్రమాణంలో భాగమే. అంటే మోడల్‌ను గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్ర దాచే టూల్‌లో) పెట్టి, లైన్ లైన్‌కీ రివ్యూ చేయొచ్చు. ఇది పాతికేళ్ల కింద జరిగి ఉంటే మా గోడకి ఆ గతి పట్టేది కాదేమో.

కార్లు, విమానాలు

బ్రేకులు, మోటార్ కంట్రోల్, ఫ్లైట్ కంట్రోల్ లాంటి పనిలో ఉంటే ఎంపిక మీ చేతుల్లో పెద్దగా లేదు: సిములింక్, స్టేట్‌ఫ్లో, విమానాలవైపు స్కేడ్ అనే మోడలింగ్ టూల్స్. ఇక్కడ మోడల్ పద్ధతి నిజంగా గెలిచింది. ఎందుకంటే కంట్రోల్ ఇంజనీరు బ్లాక్ డయాగ్రామ్ గీయడం సాఫ్ట్‌వేర్ రాకముందు నుంచే అలవాటు, అతనికి అది కొత్త భాష కాదు. హార్డ్‌వేర్ చేతికి రాకముందే మోడల్‌ను నడిపి చూసుకోవచ్చు. సర్టిఫికేషన్ కూడా దానికి అనుకూలంగానే ఉంది: విమాన సాఫ్ట్‌వేర్‌కి డీవో-178సీ ప్రమాణం, దానికి తోడుగా మోడల్స్ కోసం డీవో-331, కార్లకి ఐఎస్‌వో 26262. స్కేడ్ జనరేటర్‌కే క్వాలిఫికేషన్ (నమ్మదగినదని ముందే చేసిన నిరూపణ) ఉంది కాబట్టి పుట్టిన సీ కోడ్ మీద చేయాల్సిన పరీక్షల్లో కొన్ని తగ్గుతాయి. లైసెన్సు ఖరీదు ఎక్కువే. అయినా అక్కడ చేతితో రాసి నిరూపించే ఖర్చు ఇంకా ఎక్కువ.

హైదరాబాద్‌లో ఆటోమొబైల్ ఎంబెడెడ్ (యంత్రం లోపల నడిచే సాఫ్ట్‌వేర్) ఉద్యోగాలు వెతుక్కుంటున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు దీన్ని నేర్చుకోండి. వెబ్ అప్లికేషన్లు చేసేవాళ్లు ఈ భాగం మర్చిపోవచ్చు.

లో-కోడ్

ఇది మోడల్ పద్ధతే, పేరు మార్చుకుని వచ్చింది. ఫారెస్టర్ అనే పరిశోధన సంస్థ ఈ పేరు పెట్టింది 2014లో, సరుకు అంతకు ముందే ఉంది. లిస్బన్‌లో 2001లో పుట్టిన అవుట్‌సిస్టమ్స్, నెదర్లాండ్స్‌లో 2005లో వచ్చి 2018లో సీమెన్స్ చేతికి వెళ్లిన మెండిక్స్, మైక్రోసాఫ్ట్ పవర్ యాప్స్, మన జోహో క్రియేటర్. స్క్రీను, డేటా, వర్క్‌ఫ్లో గీస్తారు, లోపల ఉన్న ఇంజిన్ నడిపిస్తుంది.

సెలవు చీటీలు, కొనుగోలు అనుమతులు, గోడౌన్ తనిఖీ ఫారాలు లాంటి లోపలి పనులకి దీన్ని మించింది లేదు. నేను చూసిన ఒక గోడౌన్‌లో సూపర్‌వైజర్ తనే రెండు వారాల్లో బస్తాల లెక్క యాప్ చేసుకున్నాడు. లోడు దిగగానే ఫోన్‌లో ఫొటో తీసి, బస్తాల సంఖ్య కొట్టి, తడిసినవి ఎన్నో వేరే గడిలో వేస్తాడు. మాకు ఇస్తే నెల పట్టేది, తడిసిన బస్తాల గడి మాకు తట్టేది కూడా కాదు. ఏడాది తర్వాత అతను ఉద్యోగం మారాడు. యాప్ అతని లాగిన్ మీద ఉంది. మిగతాది మీరు ఊహించుకోగలరు.

కొనేముందు నేను చూసేవి మూడు. మొదటిది బయటికి వచ్చే దారి. గూగుల్ తన యాప్ మేకర్‌ను ఆపేస్తున్నట్టు 2020 జనవరిలో చెప్పింది, ఏడాది తిరిగేసరికి మూసేసింది. డేటా దక్కింది కానీ, యాప్‌లను అలాగే ఇంకోచోట నిలబెట్టే మార్గం లేక మళ్లీ కట్టుకోవాల్సి వచ్చింది. గూగుల్ అంతటిదే మూసేసినప్పుడు, మీ వెండార్‌ని (టూల్ అమ్మేవాళ్లని) "ఎక్స్‌పోర్ట్ నొక్కితే నాకేం వస్తుంది?" అని అడగడంలో మొహమాటం ఏముంది? రెండోది మనిషికింత అని వసూలు చేసే ధర. 15 మందికి వేసిన లెక్క 400 మందికి కూడా వేసి చూడండి. నేను చూసినంతలో చాలామంది లో-కోడ్‌ను వదిలేసేది సాంకేతిక కారణంతో కాదు, ఈ బిల్లు చూసి. మూడోది ఇద్దరు ఒకే స్క్రీను మీద పనిచేస్తే ఏమవుతుందన్నది. డెమోలో ఎప్పుడూ ఒక్కడే ఉంటాడు.

మీ కస్టమర్లకు అమ్మే ప్రొడక్టునే లో-కోడ్ మీద కట్టాలనుకుంటే మాత్రం నేను వద్దంటాను.

సొంత పట్టిక, సొంత చిన్న భాష

నా మొగ్గు ఇటు. పన్నులు, వడ్డీలు, స్కీముల అర్హతలు, రేట్ కార్డులు లాంటివి బయట ఎవరో నిర్ణయిస్తే మనం మార్చాల్సినవి. వాటిని కోడ్‌లోంచి బయటికి తీసి, వాటికి తగ్గ చిన్న భాషలో పెట్టాలి. ఫ్రాన్స్ పన్నుల శాఖ ఆదాయపు పన్ను లెక్కను 1990 నుంచీ ఎం అనే సొంత భాషలోనే రాస్తోంది, ఆ కోడ్‌ను 2016లో బయటపెట్టింది కూడా. నెదర్లాండ్స్ పన్నుల శాఖ సొంత భాషలు కట్టుకునే జెట్‌బ్రెయిన్స్ ఎంపీఎస్ అనే టూల్ మీద కట్టిన భాషలో డచ్ వాక్యాల్లా కనిపించే నియమాలు రాసుకుంటుంది.

చిన్న టీమ్ అయితే ఎంపీఎస్, ఎక్స్‌టెక్స్ట్ లాంటి భాషలు కట్టే టూల్స్ దాకా వెళ్లకండి, పట్టికతో మొదలుపెట్టండి. ఓఎంజీ వారి డీఎంఎన్ నిర్ణయ పట్టికలు డ్రూల్స్, కముండా లాంటి నియమాలు నడిపే ఇంజిన్లలో నేరుగా నడుస్తాయి. అదీ బరువనిపిస్తే యామల్ (సాదా టెక్స్ట్‌లో డేటా రాసే రూపం) ఫైలో, డేటాబేస్‌లో ఒక టేబులో చాలు. తప్పకుండా ఉండాల్సింది ఒక్కటే: ప్రతి వరసకీ "ఎప్పటినుంచి" అనే తేదీ. మా రేట్ల పట్టికలో రోజుకి రూ.1,000 లోపు గదికి మూడు వరసలున్నాయి: 2022 జులై 18కి ముందు పన్ను లేదు, ఆ రోజు నుంచి 12, 2025 సెప్టెంబరు 22 నుంచి 5. కొత్త రేటు వస్తే పాత వరసను దిద్దం, కింద ఇంకోటి చేరుస్తాం.

దీని జబ్బు కూడా నాకు బాగా తెలుసు. మొదట పట్టిక. తర్వాత ఎవరో "ఒక్క షరతు పెట్టనివ్వండి" అంటారు. ఆపైన వేరియబుల్, ఆపైన లూప్. రెండేళ్లకి చూస్తే డీబగ్గర్ లేని, డాక్యుమెంటేషన్ లేని, రాసినవాడు వెళ్లిపోయిన ఒక ప్రోగ్రామింగ్ భాష మీ ఇంట్లో ఉంటుంది. లూప్ అడిగిన రోజునే ఆపేయాలి. ఆ భాగం మామూలు కోడ్‌లో రాసి, పట్టిక దాన్ని పేరు పెట్టి పిలిస్తే సరిపోతుంది.

స్కీమా ముందు

స్కీమా అంటే డేటా ఏ రూపంలో ఉండాలో చెప్పే వివరణ. దాన్ని రాసే ప్రోటోబఫ్ 2008లో ఓపెన్ సోర్స్ అయింది. అలాంటిదే స్వాగర్ 2015లో అందరిదీ అయింది, 2016 నుంచి దాని పేరు ఓపెన్‌ఏపీఐ. ఒక ఫైలులో ఏపీఐ (ఒక సాఫ్ట్‌వేర్ ఇంకోదానితో మాట్లాడే తీరు) రూపం రాస్తే క్లయింటు, సర్వరు స్టబ్‌లు (చట్రం కోడ్), డాక్యుమెంట్లు అన్నీ పుడతాయి. ఇది కూడా మోడల్ నుంచి కోడ్ పుట్టించడమే, ఎవరూ ఆ పేరుతో పిలవరంతే. దీనిలో ఎంచుకోవడానికి ఏమీ లేదు, రెండు సర్వీసులు మాట్లాడుకుంటున్నాయంటే పెట్టేయండి. పుట్టిన ఫైళ్లను చేత్తో ముట్టుకోవద్దు, ప్రతి బిల్డ్‌లోనూ కొత్తగా పుట్టించండి. మా గోడ కథలో తప్పింది ఈ క్రమశిక్షణే.

డబ్బు ఒక ఖాతాలోంచి తీసి ఇంకోదాంట్లో వేసేలాంటి డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్ (పలు కంప్యూటర్ల మీద నడిచేది) చేస్తుంటే టీఎల్ఏ ప్లస్ అనే డిజైన్ రాసే భాష కూడా ఒకసారి చూడండి. అమెజాన్ ఇంజనీర్లు 2011 నుంచి దాన్ని వాడుతున్నారు. అది కోడ్ పుట్టించదు, డిజైన్‌లో లొసుగు పట్టుకుంటుంది.

ఏఐ వచ్చాక ఇవన్నీ ఎందుకు?

ఇప్పుడు అందరూ అడిగేది ఇదే. మామూలు భాషలో చెబితే ఏఐ ఏజెంటు (పనిని తనంతట తాను చేసే ఏఐ) కోడ్ రాసిపెడుతుంటే మధ్యలో మోడల్ ఎందుకు? నేను ఒక ఏఐ అసిస్టెంటుకి 14వ సెక్షన్ మొత్తం ఇచ్చి ఫంక్షన్ రాయమన్నాను. శుభ్రంగా రాసింది, కామెంట్లతో సహా. ఒక్క సందర్భం తిరగబడింది: సేవ కొత్త కాలంలో అందినా, బిల్లు, డబ్బు రెండూ ముందే అయిపోతే పాత రేటే. అది కొత్త రేటు వేసింది. నిజానికి మనిషి చదివినా ఆ వరస నమ్మబుద్ధి కాదు. మూడు తేదీలకి ముందు, తర్వాత అని పెడితే ఎనిమిది కలయికలు. రెండింటికి చట్టం అక్కర్లేదు, ఆరింటికి చట్టం ఉంది. మా పట్టికలోంచి ఎనిమిది టెస్టులు పుట్టించి నడిపితే తప్పు రెండు సెకన్లలో దొరికింది. పట్టిక లేకపోతే అది ఏ కస్టమర్ బిల్లులోనో దొరికేది.

ఇంకో సంగతి. మామూలు జనరేటర్‌కి ఒకే మోడల్ పదిసార్లు ఇస్తే పదిసార్లూ ఒకే కోడ్ వస్తుంది. ఏఐకి ఒకే మాట రెండుసార్లు చెబితే రెండు రకాలుగా రాయొచ్చు. అందుకని ఇప్పుడు నేను పని పంచే తీరు ఇది: పట్టిక చిత్తుప్రతి ఏఐ రాస్తుంది, విషయం తెలిసిన మనిషి దాన్ని దిద్దుతాడు. జనరేటర్‌ను కూడా ఏఐతోనే రాయిస్తాను, కానీ అది ఒకసారి రాశాక మామూలు ప్రోగ్రాం, దాన్ని రివ్యూ చేసి పక్కన పెట్టేస్తాం. నెలలు పట్టే జనరేటర్ పని ఇలా రెండు వారాల్లో తేలుతోంది. సొంత చిన్న భాష చిన్న టీమ్‌కి అందుబాటులోకి వచ్చింది నిజానికి ఇప్పుడే.

కాకపోతే ఆ భాష మరీ వింతగా ఉండకూడదు. ఏఐ ఎప్పుడూ చూడని వ్యాకరణం పెడితే అది తడబడుతుంది. యామల్, జేసన్, టైప్‌స్క్రిప్ట్ లాంటి తెలిసిన రూపంలో పెడితే బాగా పట్టుకుంటుంది. లో-కోడ్ టూల్స్‌లో చాలా వాటి మోడల్ ఫైళ్లు బయటి ఏఐ చదవలేని రూపంలో ఉంటాయి, ఆ వెండార్ ఇచ్చిన అసిస్టెంటే దిక్కు. రాబోయే ఐదేళ్లలో లో-కోడ్‌కి ఇదే పెద్ద టెన్షన్ అవుతుందని నా అంచనా.

మరి ఎంచుకునేది ఎలా?

ఇద్దరు ముగ్గురు ఉన్న టీమ్ అయితే మామూలు కోడ్, ఓపెన్‌ఏపీఐ, ఒక నియమాల పట్టిక, పక్కన ఏఐ. ఇంకేమీ కొనకండి. డెవలపర్లు లేని సంస్థ, లోపలి ఫారాలే అవసరం అనుకుంటే లో-కోడ్, అయితే యాప్ కంపెనీ ఖాతా మీద ఉండాలి, కనీసం ఇద్దరికి తెలిసి ఉండాలి. నియమాలు వందల్లో ఉండి, వాటిని రాసేవాళ్లు లాయర్లో, అకౌంటెంట్లో అయితే ఎంపీఎస్ లాంటిది ఆలోచించొచ్చు. ఆ టూల్‌ను చూసుకోవడానికి ఒక మనిషి జీతం ప్రతి ఏడాదీ పక్కన పెట్టగలిగితేనే సుమా.

ఏ డెమోకి వెళ్లినా మొదటి యాప్ ఎంత త్వరగా అయిందో చూడకండి. అందరిదీ త్వరగానే అవుతుంది. మీ పాత మార్పుల్లోంచి ఒకటి తీసుకెళ్లండి. మేమైతే 22వ తేదీ మార్పు తీసుకెళ్లి, "ఇది ఇప్పుడు మా ముందే చేయండి, తర్వాత ఆగస్టులో ఇచ్చిన ఒక బిల్లును క్యాన్సిల్ చేసి చూపించండి" అంటాం. ఆగస్టు బిల్లుకి క్రెడిట్ నోటు (రద్దయిన బిల్లుకి బదులు ఇచ్చే పత్రం) 12 శాతంతోనే రావాలి. ఇప్పటిదాకా మూడు టూల్స్‌కి ఈ పరీక్ష పెట్టాం. రెండింట్లో క్రెడిట్ నోటు 5 శాతంతో వచ్చింది.

మా సాఫ్ట్‌వేర్‌లో ఈమధ్య 12 కోసం మళ్లీ వెతికాను. 29 చోట్ల ఉంది. 27 నెలలవీ, చెక్-ఔట్ టైమ్‌వీ, అలాంటివి. పన్నువి రెండే, రెండూ పట్టికలోనే ఉన్నాయి, ఆ పాత బిల్లుల కోసం.